ఉన్నదున్నట్టు చెప్పు

పాస్టర్ సామ్యేలు గారి కారు నాచారం సందులోకి తిరిగేసరికి సారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. విదేశం నుంచి సేవకు వచ్చే అమ్మాయి మూడు నెలలు తమ ఇంట్లోనే ఉంటుందని సంఘంలో ప్రకటించిన నాటి నుంచి ఆమెకు కాలు నిలవలేదు. మల్లాపూర్‌లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. రెండు రోజులు సెలవు పెట్టి గోడలకు సున్నం వేయించింది. రొట్టె, జామ్ కొని పెట్టింది. కారం లేకుండా కోడికూర ఎట్లా వండాలో కూతురు షైనీ చేత ఫోన్లో వెతికించింది.

కారులోంచి దిగిన అమ్మాయి నల్లగా, పొడుగ్గా, తల నిండా సన్నటి జడలతో ఉంది. సారమ్మ ఆ పిల్ల వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూసింది. ఎవరూ దిగలేదు.

"గీమెనా?" అంది కూతురి చెవిలో.

"ఈమెనే అమ్మా. ఆఫ్రికాల జాంబియా అని దేశం. ఆడికెళ్లి వచ్చింది."

"మరి తెల్లోల్లు అన్నరు గదనే?"

ఆ అమ్మాయి నవ్వుతూ షైనీ వైపు తిరిగి, మీ అమ్మగారు ఏమంటున్నారని ఇంగ్లీషులో అడిగింది.

"ప్రయాణం బాగా జరిగిందా అని అడుగుతోంది," అంది షైనీ.

షైనీ డిగ్రీ పూర్తి చేసి ఫలితాల కోసం చూస్తున్న రోజులవి. హాస్టల్లో ఉండి చదివిన బడి వల్ల ఇంగ్లీషు ధారాళంగా వచ్చు. అందుకే పాస్టర్ గారు ఆమెను దుబాసీగా పెట్టారు. వచ్చిన అమ్మాయి పేరు ముతాలే. లుసాకా నగరంలో పసిపిల్లల బడిలో పంతులమ్మ. దేశం దాటడం అదే మొదటిసారి.

"మా చిన్నప్పుడు ఎప్పుడూ బయటి దేశాలవాళ్ళే మా ఊరికి బట్టలు, బిస్కెట్లు పట్టుకుని వచ్చేవాళ్ళు," అని చెప్పింది ఆ రాత్రి భోజనాల దగ్గర. "ఈసారి మనలోంచి ఒకరు పోవాలని మా సంఘంలో ముసలివాళ్ళంతా పట్టుపట్టారు. నన్ను పంపారు."

సారమ్మ పెట్టిన రొట్టె ఒక ముక్క తిని పక్కన పెట్టింది. మరుసటి రోజు సారమ్మ తన కోసం మొక్కజొన్న రవ్వతో వండుకున్న మక్క గటక చూసి లేచి నిలబడిపోయింది. తమ ఇంట్లో రోజూ తినేది అదేనట. పేరొకటే వేరు. చేత్తో ముద్ద చేసి, పప్పులో అద్దుకుని, కళ్ళు మూసుకుని తిన్నది. ఆ పూటతో సారమ్మకు తెల్లవాళ్ళ సంగతి గుర్తు లేకుండా పోయింది. "ఇది మన పిల్లనే," అంది కూతురితో. షైనీ ఆ మాటను మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది.

పని జవహర్‌నగర్‌లో. నగరం చెత్తంతా వచ్చి గుట్టగా పడేచోట, ఆ గుట్ట కింది బస్తీలో సంఘం వాళ్ళు రేకుల షెడ్డు ఒకటి వేశారు. చెత్త ఏరుకునేవాళ్ళ పిల్లలకు మధ్యాహ్నం అక్కడ అన్నం, కాసేపు చదువు. మొదటిరోజు వాసనకు షైనీయే ముక్కుకు చున్నీ కట్టుకుంది. ముతాలే కట్టుకోలేదు. పిల్లలు చూస్తున్నారు, వద్దంది.

బస్తీవాళ్ళు చూశారు. మనసులో మాట దాచుకోలేదు. దయ్యం లెక్క ఉందన్నారు. గీ జడలల్ల పేన్లు గిట్ల ఉండయా అన్నారు. ఒక ముసలాయన, ఈ జాతి మనుషులు మత్తుమందు అమ్ముతరట గదా అన్నాడు. ఒక్కో మాటకూ ముతాలే షైనీ ముఖం వైపు చూసేది. నీ ఎత్తు చూసి ఆశ్చర్యపోతున్నారని ఒకసారి, నీ జడలు బాగున్నాయంటున్నారని ఒకసారి, నీ దేశం ఎంత దూరమని అడుగుతున్నారని ఒకసారి చెప్పేది షైనీ. అబద్ధమనిపించలేదు ఆమెకు. ఇంత దూరం నుంచి ప్రేమతో వచ్చిన మనిషికి ఆ మాటలు ఎందుకు మోసుకెళ్ళి ఇవ్వాలి అనిపించింది.

వాళ్ళను మొదట దగ్గరికి తీసింది మల్లవ్వ. అరవై దాటిన మనిషి. పొద్దున్నే గోనెసంచి భుజాన వేసుకుని గుట్టెక్కి ప్లాస్టిక్ ఏరేది. కోడలు చనిపోయింది. కొడుకు ఇంకో పెళ్ళి చేసుకుని కరీంనగర్ పోయాడు. మిగిలింది ఆరేళ్ళ మనవరాలు త్రివేణి. ముతాలే పేరు మల్లవ్వ నోట ఒక్కసారి కూడా పలకలేదు.

"ముత్యాలు అంటరా? మా అక్క పేరు గూడ ముత్యాలే," అనేసింది. ఆ రోజు నుంచి బస్తీలో సగం మంది ముత్యాలు అనే పిలిచారు. త్రివేణి అయితే ముత్యాలక్క అనేది. షెడ్డులో అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. ముతాలే నేలమీద కూర్చుంటే వెనక నిలబడి ఆ జడలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ, పది దాటగానే తప్పి మళ్ళీ మొదటికి వచ్చేది.

ఆగస్టులో వానలు పట్టుకున్నాయి. గుట్ట మీంచి నల్లనీళ్ళు బస్తీలోకి జారాయి. పిల్లలకు జ్వరాలు మొదలయ్యాయి. సరిగ్గా ఆ వారమే ఫోన్లలో ఒక వీడియో తిరగడం మొదలైంది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా వచ్చిందని, మత్తు సూదులిచ్చి ఆటోలలో తీసుకుపోతున్నారని ఒక గొంతు చెబుతుంది. ఏ ఊరిదో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. షెడ్డు పక్క గుడిసెలో ఉండే తారామణి ఆ వీడియో షైనీకి చూపించింది.

"జర పైలం షైనీ. మొన్న బోడుప్పల్ దిక్కు ఎవన్నో కొట్టిన్రంట. మీ ముత్యాలును సూస్తే కొత్తోల్లకు ఏమనిపిస్తదో."

"ఏందట?" అన్నట్టు ముతాలే కళ్ళెగరేసింది.

"ఏదో సినిమా వీడియో," అంది షైనీ.

ఆ మూడోరోజు మధ్యాహ్నం త్రివేణి అన్నానికి రాలేదు. వెళ్ళి చూస్తే గుడిసెలో చాపమీద పడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. మల్లవ్వ గుట్ట మీదికి పోయింది. ఆమె ఫోను ఇంట్లోనే, మూలన ఉంది. ముతాలే తడిగుడ్డ వేస్తుండగానే పిల్ల కళ్ళు తేలేసింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ వచ్చింది.

"ఆసుపత్రికి," అంది ముతాలే. అప్పటికే పిల్లను ఎత్తుకుంది.

"మల్లవ్వను పిలుచుకొస్త," అని బయలుదేరబోయింది అప్పుడే లోపలికి వచ్చిన తారామణి.

"గుట్టెక్కి ఎతికి తెచ్చేవరకు గంటయితది అక్కా. మేము పోతం. ఉప్పల్‌ల మా సంఘపాయన పిల్లల డాక్టరున్నడు. నువ్వు మల్లవ్వను తోల్కొని రా," అంది షైనీ.

షెడ్డుకు రోజూ వాళ్ళను తీసుకొచ్చే దుర్గేష్ ఆటో ఉండనే ఉంది. ముతాలే పిల్లను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఫిట్స్ ఆగాయి గానీ పిల్లకు స్పృహ లేదు. మెడ వాలిపోతుంటే ముతాలే అరచేత్తో పట్టుకుని ఏదో పాట, వాళ్ళ భాషలో, సన్నగా పాడుతూనే ఉంది.

చెంగిచెర్ల దగ్గర పైపుల కోసం రోడ్డు తవ్వారు. వానకు ఆ గుంత చెరువయింది. ఒక లారీ అడ్డం పడి, అటువి అటు, ఇటువి ఇటు ఆగిపోయాయి. దుర్గేష్ హారన్ మీద హారన్ కొట్టాడు. పక్కన బండి మీద ఉన్న ఒకతను వంగి ఆటోలోకి చూశాడు. ముతాలేను చూశాడు. దుప్పట్లోంచి వేలాడుతున్న పిల్ల చెయ్యి చూశాడు.

"ఎవరి పిల్ల?"

"పిల్లకు పానం బాగలేదు అన్నా. దవాఖానకు తీస్కపోతున్నం. జర జరగుమని చెప్పు," అంది షైనీ.

"ఎవరి పిల్ల అంటున్న. దీని తల్లేది?"

"తల్లి లేదు. నాయినమ్మ ఉంది, వస్తది."

అతను బండి స్టాండు వేశాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. పిల్లకు మందు పెట్టిన్రురా అని ఎవరో అన్నారు. ఆ మాట వెనక్కి వెనక్కి పాకింది. చూస్తుండగానే ఆటో చుట్టూ యాభై అరవై మంది. ఎవరో తాళంచెవి లాక్కున్నారు. దుర్గేష్ చెంప మీద ఒక దెబ్బ పడగానే అతను కిందినుంచి దూరి పరుగెత్తాడు. ఆటోవాడు పారిపోయాడంటే ఇది ముఠానే అన్నారు.

షైనీ అరిచింది. తను నాచారం పిల్లనంది. సంఘం పేరు, పాస్టర్ గారి పేరు చెప్పింది. ఆధార్ కార్డు తీసి చూపించింది. ఎవరూ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. చివరికి తారామణికి ఫోన్ చేసి ఆ బండి అతని చేతిలో పెట్టింది. "అడుగున్రి. మీరే అడుగున్రి అన్నా."

అతను స్పీకర్ పెట్టి గద్దించాడు. "ఏయ్, ఎవలు మాట్లాడేది? గీ పిల్ల నీకు ఎరుకేనా? నువ్వే పంపినవా ఈల్లతోని? పేరు జెప్పు నీది!"

 తారామణి గొంతు వణుకుతూ వచ్చింది. "నాకేం తెల్వదయ్యా. మా పిల్ల గాదు." ఫోను కట్టయింది.

ఆ తర్వాత ఏ మాటా నిలవలేదు. షైనీని జుట్టు పట్టుకుని బయటికి లాగి రోడ్డు పక్కకు నెట్టారు. ముతాలేను లాగితే రాలేదు. పిల్లను గుండెకు అదిమిపెట్టుకుని ముడుచుకుపోయింది. వదులమని వాళ్ళు తెలుగులో అరిచారు. సిక్ చైల్డ్, హాస్పిటల్ అని ఆమె ఆ రెండు ముక్కలే మళ్ళీ మళ్ళీ అంది. రోడ్డు పనివాళ్ళ పార కామ కర్ర ఎవరి చేతికో వచ్చింది. మోచేతి మీద పడిన దెబ్బ చప్పుడు షైనీకి అంతదూరంలో వినపడింది. అప్పుడు చెయ్యి జారింది. ఒక ఆడమనిషి పిల్లను లాక్కుని, "బతికినవు బిడ్డా, బతికినవు," అని ఏడుస్తూ ముద్దులు పెట్టుకుంది. నోట్లో నీళ్ళు పోసింది. పిల్లకు మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. మందు దిగుతుందిలే అన్నారు ఎవరో.

పోలీసుల బండి ఆ గుంత దాటి రావడానికి చాలాసేపు పట్టింది. వాళ్ళు వచ్చాక పిల్లను సర్కారు దవాఖానకు పంపారు. వీళ్ళిద్దరినీ ఠాణాకు తీసుకుపోయారు. ఎస్సై ఉమామహేశ్వర్ కేకలు వేసే మనిషి కాదు. ముతాలే చెయ్యి చూసి ముందు కట్టు కట్టించాడు. తర్వాత పాస్‌పోర్టు అడిగాడు.

సామ్యేలు గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చేసరికి ఎస్సై వీసా పేజీ తెరిచి ఉన్నాడు. "టూరిస్టు వీసా. టూరిస్టుకు జవహర్‌నగర్ బస్తీల ఏం పనయ్యా?"

"ఊరు సూడనీకి వచ్చింది సార్. పిల్లలంటే ఇష్టం. గంతే," అన్నాడు పాస్టర్. అంతవరకు ఆయన నోట్లోంచి అబద్ధం రాగా షైనీ వినలేదు.

అప్పుడే కబురు అంది మల్లవ్వ వచ్చింది. చేతులకు గుట్ట మసి అట్లాగే ఉంది. ఠాణా మెట్లమీద కూర్చోబెట్టిన నలుగురైదుగురు మనుషుల ముందు ఆగింది. కొట్టింది వాళ్ళేనని ఎవరో చెప్పారు.

"నా మనవరాలిని సంకల పెట్టుకొని దెబ్బలు తిన్నదంట గదరా ఆ పిల్ల. మీ ఇంట్ల పిల్లలకు జరమొస్తే గిట్లనే నడిబజార్ల ఆపుతరారా?" అంది. బండి అతను తల దించుకున్నాడు. ఆమె అక్కడ ఇంకో మాట మాట్లాడకుండా దవాఖాన ఎటని అడిగి వెళ్ళిపోయింది.

త్రివేణి తెల్లారి పోయింది. జ్వరం మెదడుకెక్కిందని డాక్టరమ్మ చెప్పింది. ముందే తెస్తే బతికేదా అని షైనీ అడిగితే, ఆమె ఏదో రాసుకుంటూ, "బతికేదేమో. చెప్పలేమమ్మా," అంది.

రెండు రోజుల తర్వాత సామ్యేలు గారు ఇంటికి వచ్చారు. ముతాలే లోపలి గదిలో, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ఆయన షైనీని వసారాలోకి పిలిచారు.

"శనివారానికి టికెట్ మార్పించిన. ఆమెకు ఏం జెప్పాలంటే, మంచి ఆపరేషన్ వాళ్ళ దేశంలనే అయితదని జెప్పు. వీసా సంగతి, ఠాణా సంగతి ఏం ఎత్తకు. నువ్వు గూడ సాక్షం గీక్షం అని తిరగకు బిడ్డా. పేపర్ల పడితే సంఘం మూతపడ్తది. గన్ని కుటుంబాలున్నయి."

ఆయన చెడ్డమనిషి కాదు. షైనీ తండ్రి పోయినప్పుడు అంతా ముందుండి జరిపించింది ఆయనే. అందుకే షైనీ తల ఊపింది. లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుని, ఆపరేషన్ సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

ముతాలే సగంలో ఆపింది. "ఆయన అంతసేపు మాట్లాడాడు. నువ్వు రెండు ముక్కలు చెబుతున్నావు."

షైనీ ఆమె చెయ్యి కింది దిండు సర్దబోయింది.

"ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన మాటే కాదు. ఆ రోడ్డు మీద వాళ్ళు నన్ను ఏమన్నారో చెప్పు. నన్ను ఎందుకు కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు షైనీ."

షైనీ చెప్పింది. ముఠా అన్నారని, మత్తు సూది అన్నారని చెప్పింది. తారామణి ఏమన్నదో చెప్పింది. అక్కడితో ఆగలేకపోయింది. దయ్యం అన్న మాట, పేన్లు అన్న మాట, గుమ్మంలో తల్లి అన్న మొదటి మాటతో సహా చెప్పింది. వీడియో సంగతి చెప్పేసరికి ముతాలే వీపు గోడనుంచి లేచింది.

"ఎప్పుడు చూపించింది?"

"అంతకు మూడు రోజుల ముందు."

 ముతాలే కోపంగా అరిచి ఉంటే షైనీకి తేలికయ్యేది. ఆమె మామూలు గొంతుతో మాట్లాడింది.

"మిగతావన్నీ నాకు తెలుసు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నప్పుడు తెలియదా? దానికి భాష ఎందుకు? కానీ ఆ వీడియో నాకు తెలియాలి. తెలిసి ఉంటే నేను వాళ్ళ నాయనమ్మ లేకుండా ఆటో ఎక్కేదాన్ని కాదు. కనీసం ఆ ఫోన్‌లో మాట్లాడిన ఆమెనైనా పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. పిల్లను నీ ఒళ్ళో పెట్టేదాన్ని. నువ్వు నన్ను కాపాడాననుకున్నావు."

షైనీకి ఏడుపు వచ్చింది. ముతాలే ఓదార్చలేదు.

శనివారం సారమ్మ మక్కపిండి మూటకట్టి ఇచ్చింది. ఆమె మెడ పట్టుకుని ముతాలే ఏడ్చింది. షైనీకి బాగున్న చేతిని అందించి, "ఉంటాను," అంది. అంతే.

సోమవారం షైనీ ఒక్కతే ఠాణాకు వెళ్ళింది. చూసిందంతా, కామ ఎత్తిన మనిషి ఎట్లా ఉంటాడో సహా, ఉమామహేశ్వర్ ముందు చెప్పింది. పిల్లలకు చదువు చెప్పనీకే ముతాలే ఆ బస్తీకి పోయిందని కూడా చెప్పింది. "దెబ్బలు తిన్న మనిషి దేశంల లేదు. కేసు నిలవడ్తదని నేను జెప్పలేనమ్మా," అన్నాడు ఆయన. అయినా రాసుకున్నాడు. పట్టుకున్నవాళ్ళు జామీను మీద బయటికి వచ్చారు. వీసా సంగతి మీద సంఘానికి నోటీసు వచ్చింది. షెడ్డుకు తాళం పడింది. ఆదివారం ఆరాధనలో షైనీ కూర్చున్న చాప మీద తల్లి తప్ప ఎవరూ కూర్చోవడం మానేశారు. సారమ్మ మాత్రం కూతురికి ఇంకాస్త దగ్గరగా జరిగి పాట ఎత్తుకునేది.

వానలు వెనకబట్టాక షైనీ జవహర్‌నగర్ వెళ్ళింది. తారామణి ఆమెను చూసి గుడిసెలోకి పోయి తలుపు వేసుకుంది. మల్లవ్వ బయట కూర్చుని సీసాల మూతలు వేరు చేస్తోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. షైనీ పక్కన కూర్చుని తనూ మూతలు తీసింది.

"ముత్యాలు చెయ్యి అతికిందా?" అంది మల్లవ్వ.

"అతికింది. కాని సక్కగ సాగుతలేదంట."

"మాట్లాడిపియ్యి ఒకసారి."

షైనీ ఫోన్ చేసింది. ఇన్ని వారాల్లో రాసుకోవడమే గాని మాట్లాడుకున్నది లేదు. అవతల ముతాలే గొంతు వినగానే మల్లవ్వ ఫోనును రెండు చేతులా పట్టుకుని, గుట్ట అవతలున్న మనిషితో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది.

"బిడ్డా ముత్యాలూ, నేను మల్లవ్వను. నా పిల్లను నువ్వు ఇడిసిపెట్టలేదంట, నాకెరుకే. పొద్దున లేస్తే నీకు దండం పెడ్త. కాని ఒక్కోనాడు నిన్ను గూడ తిడ్త బిడ్డా. నేనొచ్చేదాంక ఆగితే ఏమయితుండె, నా పిల్లను నాకు జెప్పకుండ ఎట్ల తీస్కపోయినవు అని తిడ్త. గది గూడ నీకు తెల్వాలె." ఫోను షైనీ చేతిలో పెట్టింది. "చెప్పు. అన్ని చెప్పు."

 షైనీ దండం సంగతి చెప్పింది. తర్వాత తిట్టు సంగతి, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది.  అవతల పిల్లలు ఆడుకుంటున్న సందడి వినపడింది, ముతాలే బడి కాబోలు.

"నేనూ రోజూ అదే అడుగుతున్నాను, నన్ను నేనే," అంది ముతాలే చివరికి. "ఆమెకు చెప్పు."

షైనీ చెప్పింది. మల్లవ్వ విని, కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ సీసా అందుకుంది.